కల్చర్‌లో ఏమీ పెరగలేదు

మా అక్క ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు టెక్నీషియన్‌గా చేసి రిటైరైంది. నాకు మూడేళ్లుగా పొత్తికడుపులో నొప్పి. మూత్రాశయం నిండేకొద్దీ పెరుగుతుంది, వెళ్లొచ్చాక కాసేపు తగ్గుతుంది, మళ్లీ మొదలు. మూత్రాన్ని ప్లేటు మీద వేసి క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షల్లో ఇన్ఫెక్షన్ దొరకలేదు. డాక్టర్లు దీన్ని ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అనీ, బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అనీ అంటారు. ఆ మాట అక్క ఒప్పుకోదు. ఇన్ఫెక్షన్ ఉంది, మనకే దొరకలేదంటుంది. ఎన్నో పూటలు సాగిన మా వాదనని ఒక్క సాయంత్రంగా కుదించి రాస్తున్నాను. నేను ఎటువైపో చదువుతుంటే మీకే తెలుస్తుంది. అక్క గట్టిగా అడిగినవి మాత్రం ఒక్కటీ తగ్గించలేదు.

అక్క: మళ్లీ మొదలైందటగా. ఒక కోర్సు నార్‌ఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్ వాడమంటే వినవేం?

చెల్లెలు: ఇన్ఫెక్షన్ లేదక్కా. లేనిదానికి మందెందుకు?

అక్క: లేదని ఎవరన్నారు, రిపోర్టా? అలాంటి రిపోర్టులు వేలల్లో రాసిన చేతులే ఇవి. 'నో గ్రోత్' అంటే నేను పెట్టిన ప్లేటు మీద ఆ ఒకటి రెండు రోజుల్లో ఏమీ మొలవలేదని. నీ ఒంట్లో ఏమీ లేదని కాదు.

చెల్లెలు: ఒక్కసారి కాదుగా, ఏడుసార్లు చేయించాను.

అక్క: ఆ ఏడింట్లో ఎన్నింటికి ముందు మాత్ర వేసుకుని వెళ్లావు? నిజం చెప్పు.

చెల్లెలు: మొదటి మూడింటికి.

అక్క: అయితే ఆ మూడూ కొట్టేసెయ్. మందు పడ్డాక శాంపిల్ ఇస్తే ఇంకేం పెరుగుతుంది? ఇక ఆ లక్ష లెక్క ఒకటి. మిల్లీలీటరుకి లక్ష బాక్టీరియా ఉంటేనే ఇన్ఫెక్షన్ అని 1950ల్లో కాస్ అనే అమెరికా డాక్టరు గీసిన గీత అది. 1982లో స్టామ్ అనే ఆయన, ఆయన బృందం, మంటతో వచ్చిన ఆడవాళ్లలో వంద ఉన్నా ఇన్ఫెక్షనే కావచ్చని చూపించారు. మా ల్యాబ్‌లో పదివేలు దాటకపోతే పక్కన పడేసేవాళ్లం. రోజుకి ఎన్ని శాంపిళ్లు చూడగలం? అలా పక్కన పడేసినవాటిలో నీలాంటివాళ్లవి ఎన్ని ఉన్నాయో అనిపిస్తుంది నాకిప్పుడు.

(అక్క ఈ మాట చాలా నెమ్మదిగా అంది. దీనికి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు.)

చెల్లెలు: మిగతా నాలుగూ మందు ఆపిన రెండు వారాల తర్వాత ఇచ్చినవి. తక్కువ లెక్కలు కూడా చూడమని డాక్టరు రాసిచ్చారు. ఇన్ఫెక్షన్ ఉంటే కనిపించే పస్ సెల్స్ కూడా లేవు.

అక్క: మూత్రాశయంలో బాక్టీరియా ఉండనే ఉండదని చదువుకున్నాం మేం. పదేళ్ల పైనుంచీ అది తప్పంటున్నారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఉంటాయట. మామూలు ప్లేటు మీద మొలవవట. మరి నీ రిపోర్టుని ఎలా నమ్మను?

చెల్లెలు: ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఉన్నప్పుడు, నాలో ఒకటి దొరికినంత మాత్రాన నొప్పికి కారణం అదేనని ఎలా చెబుతావు? నీ మాట రెండువైపులా తెగుతుందక్కా.

అక్క: సరే. టీబీ సంగతేంటి? అది మామూలు కల్చర్‌లో చచ్చినా పెరగదు. టీబీ క్రిమిని పెంచే ఎల్‌జే మీడియం మీద వేసి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. మన దేశంలో మూత్రాశయానికి టీబీ పట్టినవాళ్లని నేను చూశాను. అందరూ ముందు 'మంట, వేడి చేసింది, బార్లీ తాగాను' అంటూ వచ్చినవాళ్లే. మూత్రాశయం ముడుచుకుపోయి గుప్పెడయ్యాక తెలిసింది ఒకావిడకి.

చెల్లెలు: నువ్వన్నావనే చేయించాను. వరసగా మూడు రోజులు, పొద్దున్న లేవగానే వచ్చే మొదటి మూత్రం. టీబీ క్రిమి జన్యువుల్ని వెతికే సీబీనాట్ పరీక్ష చేశారు, ఎనిమిది వారాల కల్చర్ కూడా. లేదు. స్కానింగ్‌లో రాయి లేదు. మత్తిచ్చి కెమెరా పెట్టి చూశారు, గడ్డ లేదు, పుండు లేదు.

అక్క: పుండు కూడా లేకపోతే ఇక జబ్బెక్కడే? అన్నీ కాదనుకుంటూ పోయి చివరికి మిగిలినదానికి ఒక పేరు పెట్టారు. తెలియదని ఒప్పుకోలేక పెట్టిన పేరది.

చెల్లెలు: ఈ మాట నువ్వొక్కదానివే అనలేదు, అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను, విను. 1915లో జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసే గై హన్నర్ అనే డాక్టరు కొందరు ఆడవాళ్ల మూత్రాశయాల్లో ఒక రకం పుండు ఉందని రాశాడు. ఇప్పటికీ దాన్ని హన్నర్ పుండనే అంటారు. అది కనిపిస్తే కాల్చి తీసేయొచ్చు, స్టెరాయిడ్ సూది వేయొచ్చు, చాలామందికి ఉపశమనం వస్తుంది. కానీ ఈ నొప్పి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆ పుండే ఉండదు. కనిపించేదే జబ్బు అనుకున్నన్నాళ్లూ ఆ ఎక్కువమందికి చెప్పింది ఒకటే: నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో. మైగ్రేన్ వచ్చినవాళ్ల తలకి స్కాన్ తీస్తే ఏం కనిపిస్తుంది? అయినా మన పెద్దమ్మ చీకటి గదిలో పడుకుంటే తలుపు దగ్గరగా వేసి అందరం మెల్లగా మాట్లాడేవాళ్లం. ఆమె నొప్పిని రిపోర్టు చూపించమని ఎవరూ అడగలేదు. మూత్రాశయం లోపలి పొర పలచబడి, మూత్రంలోని పదార్థాలు లోపలికి దిగి నరాల్ని రెచ్చగొడతాయని కొందరి అభిప్రాయం. మొదట ఏదో ఇన్ఫెక్షన్ వచ్చి పోయినా, నరాలు మాత్రం ఆ నొప్పిని మరచిపోవని ఇంకొందరిది. అందరికీ ఒకటే కారణం కాకపోవచ్చు. కారణం తేలలేదని నొప్పి ఆగి ఉంటుందా? మొదటి ఏడాది తొమ్మిది కోర్సులు మింగానక్కా. సగం డాక్టర్లు రాసినవి, సగం మందుల షాపులో పేరు చెప్పి తెచ్చుకున్నవి. ప్రతిసారీ రెండు రోజులు హాయిగా అనిపించేది. చూశావా, ఇన్ఫెక్షనే అనుకునేదాన్ని. ఆ యాంటీబయాటిక్‌తో పాటు ఒక చిన్న మాత్ర ఇచ్చేవారు, మూత్రం నారింజ రంగులోకి వచ్చేది, గుర్తుందా? హాయి దానిది. అది క్రిముల్ని చంపేది కాదు, మంట తెలియకుండా చేసేది, అంతే. అది ఆపగానే మళ్లీ మామూలే. తొమ్మిదో కోర్సులో మడమ వెనక నరం పట్టేసి నెలరోజులు మెట్లు దిగలేకపోయాను. నార్‌ఫ్లాక్సాసిన్ జాతి మందులకి, కండరాల్ని ఎముకలకి కలిపే స్నాయువులు దెబ్బతినొచ్చని 2008లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెద్ద హెచ్చరిక పెట్టించింది. ఇన్ఫెక్షన్ లేనప్పుడు ఈ నొప్పికి నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఇవ్వొద్దని అక్కడి యూరాలజీ సంఘం మార్గదర్శకాల్లోనే ఉంది. అసలు జబ్బు ఒకటైతే నేను ఇంకోదానికి మందు తిన్నాను, ఏడాది పాటు.

అక్క: తిన్నావు. ఇప్పుడు నీ 'అసలు జబ్బు' మందులేమన్నా గొప్పవా? పెంటోసాన్ అని 1996లో వచ్చింది, ఈ జబ్బుకే అన్నారు. ఏళ్ల తరబడి వాడినవాళ్లకి కంటి రెటీనా దెబ్బతింటోందని 2018లో బయటపడింది, 2020లో డబ్బా మీద రాశారు. దానికేమంటావు?

చెల్లెలు: నిజమే. అందుకే మా డాక్టరు ముందు కంటి పరీక్ష చేయించాకే చూద్దామన్నారు. నేనే వద్దనుకున్నాను.

అక్క: రాత్రిపూట వేసుకునే ఆ అమిట్రిప్టిలిన్? అది డిప్రెషన్ మాత్ర. అంటే డాక్టరుకీ నీ మనసు మీదే అనుమానం.

చెల్లెలు: డిప్రెషన్‌కి ఇచ్చే డోసు చాలా ఎక్కువ. నేను వేసుకునేది పది మిల్లీగ్రాములు. షుగర్ ఉన్నవాళ్లకి కాళ్ల మంటలకీ ఇదే ఇస్తారు, వాళ్ల కాళ్లని ఎవరూ మనోవ్యాధి అనరుగా. పొద్దున్న నోరెండిపోతుంది, కాసేపు మబ్బుగా ఉంటుంది. కానీ రాత్రి ఆరేడుసార్లు లేచేదాన్ని, ఇప్పుడు రెండుసార్లు.

అక్క: తిండి మానేస్తేనో? సంక్రాంతికి అమ్మ గోంగూర పచ్చడి నూరి పెడితే ముట్టుకోలేదు. చారులో చింతపండు వద్దన్నావు. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు, తెలుసా నీకు?

చెల్లెలు: గోంగూర, చింతపండు, టమాటా, కాఫీ. ఈ నాలుగూ తిన్న మర్నాడు నాకెలా ఉంటుందో చూశాకే మానేశాను. అందరికీ పడవని కాదు, నాకు పడవు. ఒక్కోటీ మూడు వారాలు మాని, మళ్లీ తిని చూశాను. కారం పడింది, పెరుగు పడింది. అమ్మకి అదంతా ఎలా చెప్పను?

అక్క: అమ్మకి చెప్పకు. ఆమెకి తెలిస్తే నిద్రపోదు. కానీ నాకు చెప్పొచ్చుగా? నా కూతురి పెళ్లిలో ముహూర్తం ఇంకో పది నిమిషాలుందనగా లేచి వెళ్లిపోయావు. పిన్ని ఏదని అది పీటల మీద నుంచే వెతుక్కుంది. తలంబ్రాలకి లేవు, అప్పగింతలకి లేవు. మా వియ్యపురాలు 'మీ చెల్లెలుగారికి ఈ సంబంధం ఇష్టం లేదా' అని నన్నే అడిగింది. ఏం చెప్పాలి నేను?

చెల్లెలు: మండపంలో ఆడవాళ్లకి ఉన్నవి రెండు బాత్రూములు. బయట పదిహేను మంది. పట్టుచీర, వడ్డాణం, పక్కన పెద్దవాళ్లు. నాలుగోసారి లైనులో నిలబడితే ఒకావిడ 'ఇందాకేగా వెళ్లావు' అంది. అందరి ముందూ.

అక్క: ఆ మాట నాకు చెబితే పెళ్లికూతురి గది తాళం ఇచ్చేదాన్ని కదే. లోపల బాత్రూముంది.

చెల్లెలు: తెలియలేదక్కా.

అక్క: నువ్వు అడగలేదు. ఇన్ఫెక్షన్ కాదని నాతో వాదించడానికి నోరొచ్చింది, బాత్రూము ఎక్కడని అడగడానికి రాలేదు.

(కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. వాదన మళ్లీ ఎత్తుకున్నది అక్కే.)

అక్క: సరే, ఆ ఎక్సర్‌సైజులన్నా చేస్తున్నావా? బిగబట్టి వదిలేవి. ఫోన్లో వీడియో పంపాను.

చెల్లెలు: రెండు నెలలు చేశాను, నొప్పి రెట్టింపైంది. నా పొత్తికడుపు అడుగునున్న కండరాలు ముందే బిగుసుకుపోయి ఉన్నాయట, ఇంకా బిగించకూడదట. ఫిజియోథెరపీ ఆవిడ వేలితో ఒకచోట మెల్లగా నొక్కింది. మూత్రాశయం నొప్పి అని మూడేళ్లుగా నేను చెబుతున్న నొప్పి అచ్చం అదే, అక్కడే వచ్చింది. ఏడ్చేశాను. నొప్పికి కాదు, ఇంకో మనిషి వేలికి అది దొరికినందుకు. ఇప్పుడు వారానికొకసారి ఆ కండరాల్ని వదులు చేస్తోంది. ఉత్తర అమెరికాలో 81 మంది ఆడవాళ్ల మీద చేసి చూసి 2012లో రాశారు. ఇలా చేయించుకున్నవాళ్లలో నూటికి 59 మందికి మేలనిపించింది, మామూలు మసాజ్ చేయించుకున్నవాళ్లలో 26 మందికి.

అక్క: అంటే మిగతా 41 మందికి అదీ పనిచేయలేదు.

చెల్లెలు: పనిచేయలేదు. అన్నీ అందరికీ పనిచేయవు.

అక్క: నేను భయపడేది అదే. ఒక పేరు పెట్టేశాక డాక్టర్లు వెతకడం ఆపేస్తారు. రేపు నీకు నిజంగా ఇన్ఫెక్షన్ వస్తే 'ఆవిడకెప్పుడూ ఉండేదే' అంటారు. క్యాన్సర్ మొదట్లో ఇలాగే మంటతో ఉన్న కేసులు నా చేతి మీదుగా వెళ్లాయి. మూత్రంలో రక్తం పడితే నాకు చెప్పకుండా ఊరుకుంటావా?

చెల్లెలు: ఊరుకోను. రక్తం పడినా, జ్వరం వచ్చినా, నొప్పి తీరు మారినా ముందు శాంపిల్ ఇస్తాను. శాంపిల్ ఇవ్వకుండా మాత్ర మాత్రం వేసుకోను. అది నీ దగ్గర నేర్చుకున్నదే.

అక్క: అది రాసిపెట్టుకో.

చెల్లెలు: రాసుకున్నాను. ఇదిగో పుస్తకం.

(రెండు వందల పేజీల నోటుబుక్కు. బాత్రూములో గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టుకున్నాను. ఎన్ని గంటలకి వెళ్లానో, ఎంత వచ్చిందో, నొప్పి పదికి ఎంతో అందులో రాస్తాను. మామూలు మనిషి మూత్రాశయం మూడు వందల నుంచి ఐదు వందల మిల్లీలీటర్ల దాకా ఆపుకోగలదు. నావి మొదట్లో 70, 80, 60. వెళ్లాలనిపించాక పది నిమిషాలు ఆగడం, కుదిరితే పదిహేను, అలా పెంచుకుంటూ వచ్చాను. ఈ నెల 160, 180, ఒకరోజు 210 కూడా ఉంది. అక్క కళ్లజోడు పెట్టుకుని, ల్యాబ్ రిజిస్టర్ చూసినట్టే, గీత కింద వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది.)

అక్క: ఈ పేజీలో టైములే ఉన్నాయి, ఎంత వచ్చిందో లేదేం? 7.50, 8.10, 8.35, 8.50, 9.15...

చెల్లెలు: ఆ రోజు మగ్గు తీసుకెళ్లలేదు.

అక్క: ఎక్కడికి?

చెల్లెలు: తారీఖు చూడు.

(అక్క చూసింది. పేజీ చివర 10.40 దగ్గర 'బయల్దేరాను' అని ఉంది. ముహూర్తం 10.52కి.)

అక్క: మందు ఆపాక ఇచ్చినవి నాలుగన్నావు కదా. ఆ నాలుగు రిపోర్టులూ తీసుకురా, చూస్తాను. ఎంత లెక్క దాకా చూశారో నాకు కావాలి.

చెల్లెలు: ఇన్ఫెక్షనేనని ఇంకా అంటున్నావా?

అక్క: ఇంకా అనుమానమే. ముందు తీసుకురా. అలాగే శ్రావణమాసంలో పేరంటానికి వచ్చేటప్పుడు ముందే ఫోన్ చెయ్యి. లోపలి గది ఖాళీ చేయించి ఉంచుతాను.