కొండపై అభయారణ్యం, ఒడ్డున హేచరీ.. మధ్యలో గెడ్డ సంగతేంటి?

మధురవాడ వైపు ఏ కాలనీలో పాము కనబడినా, కొండవాలులో చిరుత అడుగులు పడ్డాయన్నా విశాఖలో ఒకటే మాట: ‘జనావాసాల్లోకి వచ్చేసింది’. ఎవరి చోటులోకి ఎవరొచ్చారన్న పాత తగువు నాకొద్దు. అవి నడిచే దారి ఏమైందన్నదే నా ప్రశ్న.

2002లో అభయారణ్యమైన కంబాలకొండ సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు విజయనగరం రాజుల అడవి. చిరుత, కొండగొర్రె, అడవిపంది, అలుగు ఉన్నాయక్కడ. హైవే దాటితే జూ, జూ వెనక గేటు దాటితే సాగర్ నగర్, ఆపైన సముద్రమే. ఇంత దగ్గరగా ఉన్న కొండనీ కడలినీ కలిపేది గెడ్డ. వానొస్తే కొండనీరు దిగే దారి అది. గట్టున తుప్పలు, తుంగ, ఎలక బొరియలు. ముంగిస, ఉడుము, నీటికోడి ఆ చాటునే తిరిగేవి. ఇప్పుడు చాలాచోట్ల గెడ్డంటే రెండు గోడల మధ్య మురుగు. అందులో పడ్డ తాబేలు మళ్లీ ఎక్కి రాలేదు. ఇళ్లు మునగకుండా గోడ కావాలంటారు, సరే. ఇళ్లే లేనిచోట కూడా ఎందుకు?

పైగా కొండ అంచునే చెత్త కుప్పలు. చెత్తకు ఎలకలు, పందులు, కుక్కలు. ఎలకకు జెర్రిపోతు, కుక్కకు చిరుత. పగబట్టి వచ్చిందేదీ లేదు.

ఒడ్డుకొస్తే కథ మరోలా ఉంటుంది. ఓ ఫిబ్రవరి తెల్లవారుజామున జోడుగుళ్లపాలెం ఇసుకలో ట్రాక్టరు టైరు జాడలాంటిది చూశాను. అలల్లోంచి పైకెక్కి, ఓ గుంట చుట్టూ తిరిగి, మళ్లీ నీళ్లలోకి దిగింది. ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టి వెళ్లిన జాడ. పక్కనే కుక్కల అడుగులు. అందుకే అటవీ శాఖ గుడ్లను ఏరి హేచరీలో పాతిపెడుతుంది. ఒక్కో గూటిలో వందకు అటూ ఇటూ గుడ్లు, పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. పిల్లలను మాత్రం బుట్టల్లో మోసుకెళ్లి అలల దగ్గర వదలాలి. పుట్టగానే అవి పాకేది వెలుతురు వైపు. రాత్రిపూట తీరంలో వెలుతురుండేది ఒకప్పుడు సముద్రం మీదే, ఇప్పుడు బీచ్ రోడ్డు మీద. పిల్లలనంటే మోస్తాం. దీపాలకు బెదిరి ఒడ్డెక్కకుండానే మళ్లిపోయే తల్లిని ఏం చేస్తాం?

చీకటైతే ఆడవాళ్లు నడవడం కష్టమన్న మాట నిజమే. దీపాలు ఆర్పమనడం లేదు. జనవరి నుంచి నాలుగు నెలలు సముద్రం వైపు మూత బిగించి, వెలుగును రోడ్డు మీదికే వంచమంటున్నా. లక్షలు పోసి పెట్టే సుందరీకరణ దీపాలకు రేకు మూత ఏపాటి ఖర్చు?

మా వీధి చివర గెడ్డకు మొన్ననే రెండో గోడా లేచింది. ‘పాములున్నాయి జాగ్రత్త’ బోర్డు మాత్రం తియ్యలేదు.