ప్యాచ్ కబురు యంత్రం చేతికి ఇవ్వవచ్చా?

సందర్భం: డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ పంపిణీలు ఇతరులు రాసిన ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కూర్చేటప్పుడు మూల కోడ్‌పై తమ సొంత ప్యాచ్‌లు, అంటే చిన్న చిన్న కోడ్ మార్పులు, వేసుకుంటాయి. అలా వేసిన ప్రతిసారీ ఆ సమాచారం మూల ప్రాజెక్టును చూసుకునే మెయింటైనర్‌కు దానంతటదే చేరే ఏర్పాటు ఉండాలని వాది అంటారు. అక్కరలేదని ప్రతివాది అంటారు.

వాది: 2006లో డెబియన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గుప్తీకరణ లైబ్రరీ ప్యాకేజీని చూసుకునేవారు, వాల్‌గ్రైండ్ అనే తనిఖీ సాధనం చూపుతున్న హెచ్చరికలను పోగొట్టడానికి, యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించే భాగంలో రెండు పంక్తులను పనిచేయకుండా చేశారు. ఆ తరువాత తయారైన గుప్తీకరణ కీలలో ఊహకందనిదంటూ మిగిలింది, నడిచే ప్రతి ప్రోగ్రాముకూ సిస్టమ్ ఇచ్చే ప్రాసెస్ సంఖ్య ఒక్కటే. ఒక్కో రకం యంత్రంపై, ఒక్కో రకం కీకి 32,768కి మించని అవకాశాలు. ఈ లోపం 2008 మేలో గానీ లోకానికి తెలియలేదు. ఉబుంటు కూడా అదే ప్యాకేజీని తీసుకుని అదే గోతిలో పడింది. ఆ రెండు పంక్తుల తేడా వేసిన రోజునే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ రచయితల ముందుకు వెళ్లి ఉంటే, రెండేళ్ల బలహీన కీలు పుట్టేవి కావని నా వాదన.

ప్రతివాది: మీరు చెప్పిన ఉదాహరణే మీకు అడ్డు వస్తోంది. ఆ మార్పు చేయడానికి ముందే ఆయన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వారి మెయిలింగ్ లిస్టులో అడిగారు. డీబగ్గింగ్‌కు ఉపయోగపడేటట్లయితే తీసివేయడానికి అభ్యంతరం లేదన్న ధోరణిలో జవాబు కూడా వచ్చింది. చెప్పవలసిన మనిషి చెప్పాడు. వినవలసినవారు శ్రద్ధగా వినలేదు. యంత్రం చెబితే మాత్రం వింటారా?

వాది: అడిగింది ప్రశ్న, పంపవలసింది ప్యాచ్. పైగా అది మూల బృందం చూసే లిస్టు కాదని ఆ బృంద సభ్యులొకరు తరువాత వాదించారు.

ప్రతివాది: ఆ సాకును మాత్రం నేను ఒప్పుకోను. పేరులోనే అభివృద్ధి అని రాసుకున్న లిస్టును తెరిచి పెట్టి, అక్కడ అడిగినవాడు తప్పు గుమ్మం తట్టాడనడం న్యాయం కాదు.

వాది: న్యాయం కాదనే అనుకుందాం. అప్పుడు సరైన చిరునామాను కోడ్‌తో పాటే ప్రకటించే బాధ్యత రచయితదే అవుతుంది, మన ఏర్పాటు ఆ చిరునామాకే రాస్తుంది.

ప్రతివాది: ఆ చిరునామా వెనుక ఉండేది చాలాసార్లు జీతం లేని ఒక్క మనిషి. వాడే లైబ్రరీలను తాజా చేయమంటూ తనంతట తానే రాసే డిపెండాబాట్ వంటి యంత్రాలు పంపే లేఖలనే చాలామంది చూడకుండా ఫిల్టరులోకి తోసేస్తున్నారు. పంపిణీలు వేసే ప్యాచ్‌లలో ఎక్కువ భాగం ఫైలు దారి మార్పులు, బిల్డ్ సవరణలు. నాలుగు పంపిణీలు ఒకే సవరణ వేస్తే నాలుగు లేఖలు వస్తాయి. వాటి నడుమ వచ్చే ప్రమాదకరమైన రెండు పంక్తులను ఎవరు గుర్తిస్తారు?

వాది: ఇది బలమైన అభ్యంతరమే, కానీ దానికి పరిహారం పంపకపోవడం కాదు, వడపోత. ప్యాచ్ పైభాగంలో వివరణ, ఎక్కడి నుంచి వచ్చింది, మూల ప్రాజెక్టుకు పంపారా లేదా అన్నవి రాయాలని డెబియన్‌లో డెప్-3 అనే మార్గదర్శకం ఉంది. పంపనవసరం లేనివాటిని అలాగే గుర్తించే వీలు అందులోనే ఉంది. యంత్రం అవి వదిలేయవచ్చు. కోడ్ మార్పులను నమోదు చేసే సాధనం గిట్‌లోని ప్యాచ్-ఐడీ పంక్తి సంఖ్యలనూ ఖాళీలనూ పట్టించుకోకుండా తేడాకు ఒక గుర్తును కడుతుంది కాబట్టి, నాలుగు పంపిణీల ఒకే ప్యాచ్ ఒకే కబురుగా కలిసిపోతుంది. లినక్స్ కెర్నల్ స్థిర శాఖల్లో, అంటే సవరణలు మాత్రమే చేరే విడుదలల్లో, ఈ పద్ధతి ఏనాడో స్థిరపడింది: ప్యాచ్‌ను శాఖలో చేర్చినప్పుడు రచయితకూ సంబంధిత మెయింటైనర్లకూ లేఖ వెళుతుంది, అతకకపోతే ఆ సంగతీ వెళుతుంది.

ప్రతివాది: అక్కడ గడువులోగా ఎవరూ అభ్యంతరపెట్టకపోతే విడుదల జరిగిపోతుంది. మౌనం అర్ధాంగీకారమంటారు, అక్కడ పూర్ణాంగీకారమే. సెలవులో ఉన్నవాడి మౌనాన్ని రేపు డెబియన్ కూడా సంతకంగా చూపుతుంది. ఇక 2024లో ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనంలో బయటపడిన దొంగదారి చూడండి. అది దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోకి చొరబడింది, సేవలను నడిపే సిస్టమ్‌డీకి కబురు పంపడానికి కొన్ని పంపిణీలు వేసుకున్న ప్యాచ్ వల్ల; ఆ ప్యాచ్ తెచ్చిన సిస్టమ్‌డీ లైబ్రరీ వెంట ఎక్స్‌జెడ్ కూడా లోపలికి వచ్చింది. ఆ ప్యాచ్, ఆ సర్వర్‌ను రాసే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రాజెక్టు బగ్ జాబితాలో ఏళ్ల తరబడి ఉంది. రచయితలకు తెలియక కాదు.

వాది: తెలిసీ ఊరుకున్నారు, నిజమే. ఆ దొంగదారి బయటపడ్డాక, 2024 జులైలో వచ్చిన 9.8 విడుదలలో, ఆ సిస్టమ్‌డీ లైబ్రరీ అవసరం లేకుండానే అదే పనిని తామే చేర్చుకున్నారు. కబురు శ్రద్ధను పుట్టించదని ఒప్పుకుంటాను. అందుకే కబురును అనుమతి నుంచి విడదీయాలంటున్నాను: లేఖకు జవాబు అడగకూడదు, జవాబు రాకపోవడాన్ని ఆమోదంగా ఎక్కడా నమోదు చేయకూడదు, ప్యాచ్ బాధ్యత వేసినవారి పేరు మీదే నిలవాలి.

ప్రతివాది: ఆ షరతు మీద, కోరుకున్న మెయింటైనర్లకు మాత్రమే పంపితే ఒప్పుకుంటాను.

వాది: కోరుకున్నవారికి అంటే, ఇప్పటికే కనిపెట్టుకుని ఉన్నవారికి అన్నమాట. అందరికీ వారానికి ఒక్క లేఖ వెళ్లాలి; వద్దన్నవారు మానుకోవచ్చు.

ప్రతివాది: అడగకుండా వచ్చేదాన్ని ఆపుకునే శ్రమ కూడా వారి మీదేనా? అక్కడ మాత్రం నేను మీతో రాలేను.