45 అని రాస్తే సొమ్మేం పోయింది

మొన్న శనివారం జరిగింది, చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, చల్లారకముందే రాసేస్తున్నా.

స్టాక్‌హోమ్ వచ్చి ఆరేళ్ళు, ఇక్కడి పాత డెత్ మెటల్, అదే గొంతు చించుకుని అరిచే మోత గిటార్ల సంగీతం, పిచ్చి పట్టి నాలుగేళ్ళు. 1989 ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళు క్యాసెట్ల మీద వదిలిన డెమోలు, అంటే ఆల్బమ్‌కి ముందు చేసే నమూనా రికార్డింగులు, ఇప్పుడు వినైల్ మీద, అదే గ్రామఫోన్ రికార్డులుగా, మళ్ళీ విడుదలవుతున్నాయి కదా, అలాంటిదొకటి ఆర్డర్ పెట్టా. బ్యాండ్ పేరు చెప్పను, అసలు ఆ లోగో నాకే చదవడం రాలేదు, ఎండు తుమ్మకొమ్మలు పోగేసినట్టుంది. పార్సిల్ వచ్చింది, ఆఫీస్‌లో ఒకాయన అప్పట్లో ఈ క్యాసెట్లు పోస్టులో మార్చుకున్న బ్యాచ్, ఇంటికి రమ్మన్నా, వచ్చాడు, రికార్డు పెట్టా.

ఈ ఊరి సౌండ్ సంగతి తెలిసిందే, గిటార్ మోతని గరగరలాడించే బాస్ కంపెనీ హెచ్ఎమ్-2 పెడల్ తీసుకుని, దానికున్న నాలుగు నాబ్‌లూ చివరిదాకా తిప్పేస్తే గిటార్ కాస్తా రంపపు మిల్లయిపోతుంది. నా ప్లేయర్‌లోంచి మాత్రం మిల్లు రావట్లేదు, ఈనడానికి ఇబ్బంది పడుతున్న గేదె వస్తోంది.

మా ఆవిడ పకోడీల ప్లేటు పెడుతూ "ఏంటండీ ఇది, బ్యాటరీ అయిపోయిన టేప్‌రికార్డర్‌లా ఉంది" అంది. నేను నవ్వా. పైగా "నీకు తెలీదులే, దీన్ని బరువు అంటారు" అన్నా.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ క్యాసెట్లు పుట్టినప్పుడే విన్న మనిషికి నేను క్లాసు మొదలెట్టా. 1990లో వచ్చిన, ఈ ఊరి బ్యాండే అయిన ఎంటూమ్డ్ వాళ్ళ లెఫ్ట్ హ్యాండ్ పాత్ ఆల్బమ్ కూడా దీని ముందు తేలిపోతుందని, స్టూడియోలకెళ్ళాక అందరూ తొందరపడ్డారని, ఆ నిదానం డెమోల్లోనే ఉందని. ఆయనది స్వీడన్‌లో ఉత్తరాది. అక్కడివాళ్ళు అవును అని నోటితో అనరు, పెదాలు సున్నా చుట్టి గాలి సుర్రున లోపలికి పీలుస్తారు, అదే అవును. నేను ఒక్కో పాయింట్ చెప్తుంటే ఆయన సుర్రుమంటున్నాడు, నేను ఇంకా రెచ్చిపోతున్నా. వేడి పకోడీ నోట్లో పెట్టుకున్నా మనిషి సుర్రుమంటాడని అప్పుడు తట్టలేదు.

సైడ్ అయిపోయింది. అప్పుడు చాలా మెల్లగా "ఇది 45 అనుకుంటా" అన్నాడు.

"కాదు కాదు, నాది 212" అన్నా గర్వంగా, కాపీ నంబర్ అడుగుతున్నాడనుకుని.

ఆయన ఏమీ అనలేదు. చేతిలో సగం కొరికిన పకోడీ ఉంది, దాంతోనే ప్లేయర్ మీది స్పీడ్ స్విచ్ వైపు చూపించాడు. అది 33 మీద ఉంది. అంటే రికార్డు నిమిషానికి 45 చుట్లు తిరగాల్సింది 33 చుట్లే తిరుగుతోంది.

"మీకెప్పుడు తెలిసింది?"

"మొదటి పాటలో."

పదిహేను నిమిషాల సైడ్ ఇరవై నిమిషాలు విన్నాడు మహానుభావుడు! ఇక్కడ మొహం మీద చెప్పే అలవాటు లేదు. నిహిలిస్ట్ అని 1987లో ఈ ఊళ్ళోనే పుట్టిన బ్యాండ్ ఉంది, మూడు డెమోలు చేశాక 1989లో బాస్ గిటార్ వాయించే అతనితో పడక, నువ్వు వెళ్ళిపో అనడానికి నోరు రాక, ఏకంగా బ్యాండ్‌నే రద్దు చేసి, కొద్ది రోజులకే మిగతావాళ్ళు ఎంటూమ్డ్ అని బోర్డు మార్చుకున్నారు, ఆ బాస్ గిటార్ అతనెళ్ళి అన్‌లీష్డ్ అని ఇంకో బ్యాండ్ పెట్టుకున్నాడు. మన దగ్గర పొమ్మనలేక పొగబెడతారు, వీళ్ళు ఇల్లే పడగొట్టారు. ఆ డెమోలు 2005లో సీడీగా కూడా వచ్చాయి, సీడీకి అసలీ గొడవే లేదు, పెడితే అదే వేగం.

నా కడుపుమంట ఆ రీఇష్యూ చేసినవాళ్ళ మీద. మూడు రంగుల వినైల్, పోస్టర్, పాత ఫ్లయర్ల పుస్తకం, ప్రతి కాపీ మీద నంబర్ చేత్తో రాయడానికి తీరిక ఉంది, 45 అని రెండంకెలు అచ్చేయడానికి సిరా లేదు. కవర్ మీద లేదు, లేబుల్ మీద లేదు, భూతద్దం పెట్టి వెతికా.

స్విచ్ మార్చి మళ్ళీ పెట్టా. మిల్లు మొదలైంది. వంటింట్లోంచి "ఇప్పుడు బానే ఉందిగా" అని వినిపించింది, వినపడనట్టు కూర్చున్నా.

వెళ్తూ గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ పకోడీలు చాలా బాగున్నాయన్నాడు. అవైనా నిజంగా బాగున్నాయో లేదో నేనెవర్ని అడగాలి ఇప్పుడు.