శ్రీ హుద్‌హుద్2014 గారికి సెలవు ఉత్తరం

అయ్యా పాస్‌వర్డ్ గారూ,

మిమ్మల్ని కొలువులోంచి తీసేశాం. శాలువా కప్పుదామంటే భుజాల్లేవు, దండ వేద్దామంటే మెడ లేదు. అందుకే ఈ ఉత్తరం.

మీరు పుట్టిన రోజులు గుర్తున్నాయి. 2014 అక్టోబరు 12న తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డాక కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. ఎవరికైనా రక్తం కావాలంటే నడిచెళ్ళి తలుపు కొట్టాల్సిందే. ఆ అవస్థలోంచే మా రక్తదాతల బృందం పుట్టింది. ఆన్‌లైన్లో జాబితా పెట్టాం: పేరు, వీధి, ఫోను నంబరు, రక్తం గ్రూపు, ఆఖరిసారి ఇచ్చిన తేదీ. దానికి తాళం ఏం వేయాలా అని బీచిలో కురుసుర జలాంతర్గామి ఎదురుగా గట్టు మీద కూర్చుని, మురీ మిక్చర్ పొట్లాలు రెండు ఖాళీ చేసి మరీ ఆలోచించాం. వైజాగ్‌లో ఎవడికీ తట్టని మాట కావాలి కదా! తుపాను పేరు, పక్కన సంవత్సరం. చప్పట్లు కూడా కొట్టుకున్నాం.

మొదట్లో మీరు నలుగురికే తెలుసు. తర్వాతొచ్చిన కుర్రాడికి చెప్పాం, మనవాడే కదా. వాడు బెంగళూరు పోతూ తమ్ముడికి చెప్పాడు, మనవాడి తమ్ముడే కదా. లెక్కల దగ్గర గొడవపడి మానేసినాయనకీ మీరు తెలుసు. ఆయన వెళ్ళగానే మిమ్మల్ని మారిస్తే ‘నా మీద అనుమానమా’ అంటాడేమోనని ఊరుకున్నాం. మీ అసలు కాపలా అక్షరాలూ అంకెలూ కాదండీ, మా మొహమాటం.

మొన్న ఆదివారం అర్ధరాత్రి ఎవరో మిమ్మల్ని వెంటబెట్టుకుని లోపలికొచ్చారు. పగలగొట్టిందేమీ లేదు, చక్కగా తలుపు తీసుకునే వచ్చారు. తెల్లారేసరికి దాతలకి మా పేరుతో కబుర్లు: ‘మీ బి నెగెటివ్ రక్తం ఎక్కించిన పాపకి సీరియస్, మందులకి డబ్బు పంపండి.’ పోర్టులో రిటైరైన ఒక పెద్దాయన 4 వేలు పంపారు. పేరు, గ్రూపు, ఇచ్చిన తేదీ అన్నీ సరిపోయాయి, ఎందుకు అనుమానిస్తారు? మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు. ఫిర్యాదు చెయ్యడానికి కాదు. ‘ఆ పాపకి ఎలా ఉంది బాబూ?’ అని అడగడానికి.

ఇక మా స్పందన వినండి. రేవులో తుపానుకైతే ఒకటి నుంచి పదకొండు దాకా హెచ్చరిక నంబర్లున్నాయి. మా దగ్గర ఉన్నది ఒక్కటే, ‘ఎవరికీ చెప్పకండి, పరువు పోద్ది’. ఇలాంటివి జరిగితే ఆరు గంటల్లో చెప్పాలని దేశ సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే కంపెనీలకి ఆదేశమిచ్చింది. మనం కంపెనీ కాదు కదా అని తేల్చుకోడానికే మాకు ఆరు గంటలు పట్టింది. కోశాధికారి గారు ఇల్లు ఊడ్చినట్టు లాగిన్ చరిత్రంతా చెరిపేశారు. దొంగ అడుగులూ దాంతోపాటే తుడుచుకుపోయాయి. అధ్యక్షుడు గారు మిమ్మల్ని పీకి కొత్తవారిని నియమించారు: హుద్‌హుద్@2014. మధ్యలో ఆ సున్నా చుట్టుకున్న గుర్తు పెట్టినందుకు ఆయన ముఖంలో వెలుగు చూడాలి!

చివరికి మాలో అందరికంటే చిన్నదైన బీటెక్ అమ్మాయి ల్యాప్‌టాప్ లాక్కుంది. లోపలున్న లాగిన్లన్నీ బయటికి తోసేసింది. పాస్‌వర్డ్ పోతే మళ్ళీ లోపలికి రానిచ్చే రికవరీ మెయిల్ చూస్తే అది మనది కాదు. అంటే మిమ్మల్ని ఎన్నిసార్లు మార్చినా అతగాడికి పెరటి గుమ్మం తెరిచే ఉందన్నమాట. అదీ మూసింది. ఎవరి ఖాతా వాళ్ళకి, ఎవరి ఓటీపీ వాళ్ళకి. పెద్దాయన చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించింది, అప్పటికే ఆలస్యమైంది. తర్వాత దాతలందరికీ ఉత్తరం రాయమంది. ‘చిన్న సాంకేతిక సమస్య’ అని మొదలెట్టాను. ‘అంకుల్, పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, వాళ్ళ రక్తం గ్రూపు మారుస్తారా?’ అంది. చెరిపేసి, ‘మీ వివరాలు దొంగల చేతికి పోయాయి, తప్పు మాదే’ అని రాశాను. ఆ ఒక్క వాక్యానికి గంట పట్టింది.

మీ వంశ చరిత్ర కూడా ఈ గొడవలోనే చదివాను. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో పదిమందీ పంచుకునే కంప్యూటరుకి 1960ల మొదట్లో ఫెర్నాండో కోర్బటో బృందం పాస్‌వర్డులు పెట్టింది. 1962లో అలన్ షెర్ అనే విద్యార్థి, కంప్యూటరు వాడుకోడానికి వారానికి ఇచ్చిన 4 గంటలు చాలక, ఆ పాస్‌వర్డుల ఫైలు మొత్తం ప్రింటు తీయించుకున్నాడు. మీ తాతగారికీ తప్పలేదన్నమాట. కాకపోతే ఆయన్ని ఒకడు ఎత్తుకెళ్ళాడు, మిమ్మల్ని మేం పంచిపెట్టాం.

నిన్న బీచిరోడ్డు టీకొట్టుకి వెళ్ళాను. అక్కడి క్యాలెండరు వెనకాల ఎప్పుడో మిమ్మల్ని రాసుకున్నాం లెండి, కొట్టేద్దామని పెన్ను తీశాను. కొట్టబ్బాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

‘ఏటి సార్, అది మా వైఫై పాస్‌వర్డు!’

ఇట్లు,
మీ మాజీ అడ్మిన్