ఘాట్ రోడ్డు మీద విసిరే బిస్కెట్ ప్యాకెట్ గారికి

మహారాజశ్రీ ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ గారి దివ్య సముఖానికి,

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కితే మల్లన్న కన్నా ముందు దర్శనమిచ్చేది తమరే. మలుపులో బండి నెమ్మదిస్తుంది, అద్దం నాలుగు వేళ్ల మందం దిగుతుంది, "పాపం, ఆంజనేయస్వామి" అన్న మాటతో పాటు తమరు గాల్లోకి లేస్తారు. క్యూ లేదు, టికెట్టు లేదు. ఇంత చవగ్గా పుణ్యం అమ్మే కౌంటరు కొండ మీద కూడా లేదు.

తమరొచ్చాక కోతికి అడవితో పని తప్పింది. ఇదివరకు మేడి, నేరేడు, మొర్రి అంటూ చెట్టూ చెట్టూ తిరిగేది. దొరికిన పళ్లు బుగ్గ సంచుల్లో కుక్కుకుని, ఎక్కడో కొమ్మ మీద తీరిగ్గా నమిలి గింజలు ఉమ్మేది. తల్లిచెట్టు నీడకు దూరంగా పడ్డ ఆ గింజలే కదా నల్లమలలో మొలిచేవి. ఇప్పుడా బుగ్గల్లో తమరి మైదాపిండి. తారు రోడ్డు మీద ఎన్నిసార్లు ఉమ్మితే ఏం మొలుస్తుంది?

కొండముచ్చుకు ఆ సంచులు కూడా లేవు. ఆకులు తిని, గదులు గదులుగా ఉన్న పొట్టలో పులియబెట్టుకుని అరిగించుకునే జీవి అది. అందులో తీపి పిండి పడితే పులుపెక్కి పొట్ట చెడుతుంది. తోక బారెడుందని భక్తి పొంగి, దానికి రెండు ప్యాకెట్లు వేసేవాళ్లున్నారు.

తమరి అసలు ప్రతాపం తిండి అయిపోయాక మొదలవుతుంది. కోతి మూల కొరికి, చీల్చి, లోపలిది తిని కవరు పారేస్తుంది. ఉప్పూ తీపీ అంటిన ఆ కవరును దుప్పి నాకుతుంది, కణితి అనే పెద్ద జింక మింగుతుంది. నెమరు వేసే జంతువు మొదటి పొట్టలో ప్లాస్టిక్ అరగదు, ముందుకూ కదలదు. పోగుపడే కొద్దీ కడుపు నిండినట్టే ఉండి మేత మానేస్తుంది. శిఖర దర్శనం అయినవాళ్లకు పునర్జన్మ లేదంటారు. తమరికి అసలు చావే లేదు.

రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు మూసేది జంతువులు నింపాదిగా తిరగాలనే. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన అడవి ఇది, దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. తమరేమో పగలంతా డ్యూటీ చేసి వాటిని రోడ్డు మీదికి పిలుస్తారు. చక్రం పక్కకు దొర్లిన ముక్క కోసం పిల్లకోతి దూరుతుంది. డ్రైవరు సీట్లోంచి అది కనపడదు.

తమరి వెంట సెల్ఫీ ఒకటి. కోతి నోరు తెరిచి కళ్లలోకి చూస్తే నవ్వు కాదు, బెదిరింపు. సంచి పట్టుకుంటే వదిలేయాలి, లాగితే కరుస్తుంది. కరిచినా గీరినా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్లాలి. పసుపో సున్నమో అద్దుదామనే వైద్యుడు ప్రతి బండిలో ఒకడుంటాడు, ఆయన్ను వెనక సీట్లోనే ఉంచండి.

కనుక తమరు డిక్కీలో, సంచి అడుగున, అద్దాలు ఎక్కించిన బండిలో పవళించి రండి. ఒళ్లు ఖాళీ అయ్యాక కవరుగానే కొండ దిగండి. దారిలో సాక్షి గణపతి ఘంటం, పుస్తకం పట్టుకుని కూర్చునే ఉన్నాడు. వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటాడని ప్రతీతి. విసిరినవాళ్ల పద్దు వేరే పేజీలో రాస్తున్నాడేమో, కాస్త కనుక్కోండి.

ఇట్లు,
నెమరు పడని ఒక కణితి