ముందే తుడవకండి, సమాజం ఏమైపోవాలి?

విజయవాడలో రైలు ఆగితే ఇంజిన్ పాడైందని ఎవరూ అనుకోరు. "అవుటర్‌లో ఆపేశాడు" అంటారు. పది ప్లాట్‌ఫారాలున్న స్టేషన్లో ఒక్కటీ ఖాళీ లేదన్న సంగతిని తరతరాలుగా జీర్ణించుకుని, పల్లీల పొట్లం విప్పుకుంటారు. ఇంత ఓర్పున్న ఊళ్లో, హాల్లో పరిచిన పట్టాల మీద బొమ్మ ఇంజిన్ అర నిమిషం ఆగితే మాత్రం ఇంటిల్లిపాదీ ఒకే తీర్పు చెబుతారు: "మోటారు కాలిపోయింది."

ఈ తీర్పును నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. అది తప్పని తెలిసే సమర్థిస్తున్నాను.

చవక ఇంజిన్ ఆగిపోయిందంటే ఎక్కువసార్లు అది చక్రాలకు పట్టిన మురికి వల్లే. ఒక పట్టా నుంచి కరెంటు చక్రంలోకి ఎక్కి, మోటారును తిప్పి, అవతలి చక్రం గుండా రెండో పట్టాలోకి దిగాలి. అంతా కలిపి 12 వోల్టుల డీసీ వ్యవహారం. మంచి ఇంజిన్లో దాదాపు అన్ని చక్రాలూ కరెంటు అందుకుంటాయి. చవక దాంట్లో రెండు మూడు చక్రాలకే ఆ పని అప్పజెప్పి, మిగతావాటిని ఊరికే తిరగనిస్తారు. (ఈ పద్ధతి మన ఆఫీసులకు కొత్తేమీ కాదు.) పనిచేసే ఆ కాసిని చక్రాల మీద నల్లటి జిడ్డు పేరుకుంటే బండి నిలబడిపోతుంది. వేలితో నెడితే నాలుగంగుళాలు నడిచి మళ్లీ ఆగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో చక్రాలూ పట్టాలూ తుడిస్తే ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది.

ప్రమాదమంతా ఆ ఐదు నిమిషాల్లోనే ఉంది. తర్వాత ఆదివారం మిగతా భాగాన్ని ఏం చేసుకోవాలి? మన ఊళ్లో ఎలక్ట్రిక్ లోకో షెడ్ ఉంది, డీజిల్ షెడ్ ఉంది, రాయనపాడులో వ్యాగన్ వర్క్‌షాపు ఉంది. సత్యనారాయణపురం మీదుగా పోయే రైలు పట్టాలు పీకేసి బస్సుల కోసం బీఆర్‌టీఎస్ రోడ్డు వేయగలిగారు గానీ, ఆ పేటలో రైళ్ల మీద పుట్టే సలహాలను ఎవరూ పీకలేకపోయారు. ఇంత అనుభవాన్ని చుట్టూ పెట్టుకుని "ఏం లేదండీ, మురికి" అనడం పెద్దల పట్ల అమర్యాద.

కాబట్టి ముందు పెద్దాయనకు కబురు పంపాలి. షెడ్‌లో రిటైరైనవారైతే శ్రేష్ఠం. ఆయన వచ్చీ రాగానే ఇంజిన్ జోలికి పోరు, స్కేలు తెమ్మంటారు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లని తేలుస్తారు. "87వ వంతు బొమ్మన్నావు గదరా? మన బ్రాడ్‌గేజ్ 1676. దాన్ని 87తో భాగిస్తే 19 దాటాలి. ఇది 1435 లెక్క, ఫారిన్ గేజ్!" ఈ అన్యాయం మీద చర్చ కాఫీలతో సహా గంట సాగుతుంది. ఇంజిన్ అప్పటికీ వెల్లకిలా పడుకునే ఉంటుంది.

తర్వాత ఇసుక. పట్టాలు తడిసి చక్రాలు జారితే నిజం ఇంజిన్లు పట్టాల మీద ఇసుక వదులుతాయి, అది నిజమే. బొమ్మ ఇంజిన్లో ఆ పట్టు కోసం ఒకటి రెండు చక్రాలకు సన్నటి రబ్బరు వలయం తొడుగుతారు. అది ఊడినా, దానికి నూనె అంటినా చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. కొత్త వలయం తొడగాలి తప్ప ఇసుక పోస్తే పళ్లచక్రాలు నమిలేసుకుంటాయి. అయినా సరే, ఇసుక మాటెత్తితే ప్రభుత్వాలే ఆచితూచి మాట్లాడే రాష్ట్రంలో పెద్దాయనకు ఎదురు చెప్పడానికి మనమెవరం?

నూనె శాఖ బామ్మగారిది. ఇరుసు చివర సూదిమొనతో ఒక్క చుక్క, అదీ ప్లాస్టిక్‌ను తినని పల్చటి నూనె అయితే చాలు. ఇంట్లో ఉండేది కొబ్బరినూనె, మార్గశిరం వస్తే సీసాలోనే గడ్డకడుతుంది. అదే ధారగా పోయించండి. కొంత మోటారులోకి దిగి, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షుల పొడితో కలిసి ముద్దవుతుంది, కొంత చక్రాల మీదికి జారుతుంది. ఇక బండి నడిచినంత మేరా జిడ్డును పట్టాలన్నిటికీ తనే సమానంగా పంచిపెడుతుంది. పట్టాలను ఎమెరీ పేపరుతో రుద్దమని ఎవరైనా సలహా ఇస్తే వెంటనే ఒప్పుకోండి. పడ్డ గీతల్లో మురికి మరింత గట్టిగా కూర్చుంటుంది గనుక నెలనెలా రుద్దుకోవచ్చు. ఉపాధి పథకమంటే అది.

9 వోల్టుల బ్యాటరీ తీగలు నేరుగా మోటారుకు తాకించి చూసే పరీక్ష ఒకటుంది. దాన్ని దయచేసి మొదట్లో పెట్టుకోవద్దు. మోటారు గిర్రున తిరిగితే ముద్దాయి అక్కడికక్కడే నిర్దోషిగా విడుదలవుతాడు, విప్పడానికి సాకు దొరకదు. ముందు మోటారు విప్పండి, బ్రష్షు వెనక స్ప్రింగు ఎగిరిపోనివ్వండి, పరీక్ష తర్వాత చూసుకోవచ్చు.

న్యాయంగా ఒక్క తప్పు మాత్రం మురికిది కాదు. నడుస్తూ నడుస్తూ చక్రం తిరిగిన ప్రతిసారీ 'టక్' మని ఎగిరే ఇంజిన్లుంటాయి. ఇరుసు మీద బిగించి ఎక్కించిన ప్లాస్టిక్ పళ్లచక్రం కాలం గడిచి చీలుతుంది. చీలిక దగ్గర పళ్ల మధ్య సందు పెరిగి, పక్క చక్రంతో కుదరదు. ఫెవిక్విక్ వేద్దామంటారు. ఆ జారుడు ప్లాస్టిక్‌కు జిగురు సరిగా పట్టదు, వేలికి మాత్రం బ్రహ్మాండంగా పడుతుంది. కొత్త పళ్లచక్రం తెప్పించాలి, లేదా చచ్చిన మరో ఇంజిన్ నుంచి పీకాలి. అందుకే తెలిసినవాళ్లు ఆడని ఇంజిన్లను పారెయ్యరు. ఇంట్లోవాళ్లు మాత్రం ఈ సంగతి తెలియక దసరా ముందు అటక సర్దుతారు.

ఇక ఖర్చు సంగతి. మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, సన్న స్క్రూడ్రైవర్ల సెట్టు కలిపితే ఇంజిన్ ధర దాటేస్తుంది. దాటాలి కూడా. బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్ బజార్లు బతకొద్దా?

మా పక్క వాటాలో పదో తరగతి కుర్రాడొకడున్నాడు. వాడికి ఈ సామాజిక బాధ్యత ఏ కోశానా లేదు. ఇంజిన్ ఆగితే ఎవరినీ పిలవడు. వెల్లకిలా తిప్పి, ఇరుసుకు చుట్టుకున్న తల వెంట్రుకలను పట్టకారుతో లాగేసి, చక్రాలు తుడిచి పట్టాల మీద పెడతాడు. పోయిన సంక్రాంతి సెలవుల్లో అలాగే చేశాడు. బండి గుండ్రంగా తిరిగింది. ఇంకోసారి తిరిగింది. మూడో చుట్టుకల్లా వాళ్ల చెల్లి ఫోను అందుకుంది. స్కేలుతో సహా వచ్చిన పెద్దాయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని లేచారు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ అన్నారు:

"ఒరేయ్, మళ్లీ ఆగితే కబురు పెట్టు. నేనొచ్చేదాకా తుడవకు."