నెలకో ఉప ఎన్నిక కావాలి

హైదరాబాద్‌లో కార్మిక చట్టాలను పొల్లుపోకుండా అమలు చేస్తున్న యజమాని ఎవరని అడిగితే నేను తడుముకోకుండా చెబుతాను: రాజకీయ పార్టీ. ఏ పార్టీ అని మాత్రం అడక్కండి. ఈ ఒక్క విషయంలో మూడు రంగుల కండువా, గులాబీ కండువా, కాషాయం కండువా అన్నీ ఒక్కటే. కార్మిక సంఘాల వాళ్లు ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో ఏళ్ల తరబడి గొంతు చించుకుని అడిగినవన్నీ ఎన్నికల నెలలో ఎవరూ అడక్కుండానే అమలవుతాయి. ఈ సేవను గుర్తించి నాలుగు మంచి మాటలు రాసేవాళ్లు లేరన్న బాధతోనే ఈ వ్యాసం.

2025 నవంబరు 11న జూబ్లీహిల్స్‌లో ఉప ఎన్నిక జరిగింది. బయటి ఊళ్లవాళ్ల కోసం ఒక మాట. జూబ్లీహిల్స్ అనగానే మీకు గుర్తొచ్చే బంగళాలు చాలావరకు ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి పోతాయి. జూబ్లీహిల్స్ నియోజకవర్గం అంటే బోరబండ, ఎర్రగడ్డ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ. పేరు వాళ్లకిచ్చి, ఓట్లు వీళ్లకిచ్చారు. సంపద పంపకం మీద ఇన్ని వాదనలు జరిగే దేశంలో ఇంత పద్ధతైన పంపకం ఇంకెక్కడా చూడలేదు.

ఆ బస్తీల్లో మామూలు రోజు కూలీ అడ్డా ఎలా ఉంటుందంటే, పొద్దున ఏడింటికే సంచిలో టిఫిన్ డబ్బా పెట్టుకుని మనుషులు వచ్చి నిలబడతారు. ఒక స్కూటర్ ఆగితే చాలు, పదిహేను మంది చుట్టుముడతారు. స్కూటర్ మీది మనిషి దిగడు. ఒక కాలు నేలకు ఆనించి, ఇంజన్ ఆపకుండానే బేరం మొదలుపెడతాడు. స్లాబు పనా, మట్టి పనా? మగోళ్లకెంత, ఆడోళ్లకెంత? పైసలు ఈ పూటేనా, శనివారమా? చివరికి ఇద్దరు పోతారు, మిగిలినవాళ్లు మళ్లీ ఫుట్‌పాత్ మీద కూర్చుంటారు. పదకొండు దాటితే ఆ రోజు పని లేనట్టే. డబ్బా నిండుగా పట్టుకుని పోతే ఇంట్లోవాళ్లకు సంగతి తెలిసిపోతుందని చాలామంది అక్కడే తినేసి పోతారు.

అదే అడ్డాకి ఎన్నికల నెలలో డీసీఎం వ్యాను వస్తుంది. వచ్చినాయన బండి దిగుతాడు. "అన్నా, అక్కా" అంటాడు. రేటు ముందే చెబుతాడు. తీసుకెళ్లేది, తీసుకొచ్చేది వాళ్లే. మధ్యలో వాటర్ ప్యాకెట్లు, చివర్లో బిర్యానీ పొట్లం. పని గంటలు మూడు, మహా అయితే నాలుగు. యూనిఫాం, అంటే కండువా, టోపీ, ఉచితం. ఎత్తుల మీద నుంచి పడే ప్రమాదం లేదు. నాయకుడి మాటల ఎత్తు వేరే సంగతి. మగవాళ్లకెంతో ఆడవాళ్లకూ అంతే. సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. అది అడ్డా మీద అమలవగా నేను చూసింది ర్యాలీల్లోనే. డబ్బులు ఆ సాయంత్రమే చేతికి వస్తాయి, కటింగులు లేకుండా. పీఎఫ్ ఒక్కటే తక్కువ.

పైగా ఈ రంగంలో కార్మికుడికి యజమానిని మార్చుకునే స్వేచ్ఛ పూర్తిగా ఉంది. రోజులో మూడుసార్లు మార్చుకోవచ్చు. పాలమూరు నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో ఉంటున్న ఒకామె నాతో అన్న మాట: "పొద్దుగాల చెయ్యి, పగటీలి కారు, పొద్దుమూకి పువ్వు. మూడు కండువలు సంచిలనే ఉన్నయి సార్. ఏ గల్లీల ఏది తియ్యాల్నో, అదే టెన్షన్." ఇంతమంది ఇంతగా తిరిగినా పోలింగ్ సగానికి చేరలేదు. కూలీ ఇచ్చింది నడవడానికే కదా, ఓటెయ్యడానికి కాదు.

ఇప్పుడు ఇదే పార్టీలు ప్రభుత్వాలైనప్పుడు ఏం చేస్తాయో దీని పక్కన పెట్టి పోల్చి చూద్దాం. 2025 జూలై 5న రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. దుకాణాలు పోను మిగతా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలు పని చేయించుకోవచ్చు, వారానికి 48 దాటకూడదు. దాటితే ఓవర్‌టైం, అది కూడా మూడు నెలలకు 144 గంటల వరకే. వ్యాపారం చేసుకోవడం సులభతరం కావడానికట. పనిచేసుకుని బతకడం సులభతరం చేసే జీవో ఇంకా టైపింగ్‌లో ఉన్నట్టుంది. పొరుగున ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది పది గంటలే అంది. కృష్ణా నీళ్ల దగ్గర కుదరని ఏకాభిప్రాయం కార్మికుడి చెమట దగ్గర ఎంత తేలిగ్గా కుదిరిందో చూడండి. రెండు రాష్ట్రాల మధ్య సోదరభావం లేదని ఇకమీదట ఎవరూ అనకూడదు.

కనీస వేతనాలను ఐదేళ్లకు మించకుండా సవరించాలని 1948 నాటి చట్టం చెప్పింది. 2021 జూన్‌లో అప్పటి బీఆర్ఎస్ ప్రభుత్వం, అప్పట్లో టీఆర్ఎస్ అనేవాళ్లం, కొత్త వేతనాలతో ఐదు జీవోలు తెచ్చింది. తెచ్చి, వాటిని గెజిట్‌లో అచ్చు వేయించకుండా వదిలేసింది. గెజిట్‌లో రాకపోతే ఆ వేతనం ఎవరూ ఇవ్వక్కర్లేదు. అంటే జీతం పెరిగింది కానీ ఎవరికీ తెలియకూడదు. దానధర్మాలు గుప్తంగా చేయాలని పెద్దలు ఊరికే అనలేదు.

కేంద్రం వెనకబడిందా? లేదు. 2019, 2020ల్లో పార్లమెంటు ఆమోదించిన నాలుగు లేబర్ కోడ్‌లను, 29 పాత చట్టాలను కలిపి వండినవాటిని, 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చింది. మా జూబ్లీహిల్స్ పోలింగ్ అయిన సరిగ్గా పది రోజులకు. అప్పటికి డీసీఎంలు వెళ్లిపోయాయి, స్కూటర్లు తిరిగొచ్చాయి.

డెలివరీ కుర్రాళ్ల కథ ఇంకా బాగుంటుంది. 2023 డిసెంబరులో, అధికారంలోకి వచ్చిన నెలలోనే, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నాంపల్లిలో గిగ్ కార్మికులతో కూర్చుని మాట్లాడారు, ఐదు లక్షల ప్రమాద బీమా ప్రకటించారు. మంచి పని, కాదనను. వాళ్ల సామాజిక భద్రత బిల్లు ముసాయిదా 2025 ఏప్రిల్‌లో జనం ముందుకు వచ్చింది. పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట తేకపోతే రేటింగ్ తగ్గిపోయే కుర్రాడికి, తన ముసాయిదా పదహారు నెలలకు డెలివరీ అయింది. రేటింగ్ ఇచ్చే వీలు అతనికి లేదు.

పని సంగతి అయింది, ఇంటికి పోదాం. ఉంటే.

ఇళ్ల విషయంలో రెండు పెద్ద పార్టీల సిద్ధాంతాలూ లోతైనవి. కేసీఆర్ గారిది డబుల్ బెడ్రూం సిద్ధాంతం. 560 చదరపు అడుగులు, పైసా కట్టక్కర్లేదు. 2015 నవంబరులో బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో ఇళ్లు ఇచ్చారు. చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు, అంత బాగున్నాయి. నగరంలో లక్ష అన్నారు. 2023 జూన్ 22న కొల్లూరులో 15,660 ఇళ్ల కాలనీని ప్రారంభించారు, ఎన్నికలకు ఐదు నెలల ముందు. మంచి కాలనీయే. యూసుఫ్‌గూడలో నాలుగిళ్లలో అంట్లు తోమే ఆమెకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఇల్లొస్తే, ఇల్లు ఉంచుకోవాలో పని ఉంచుకోవాలో తేల్చుకోవడమే మిగిలింది. నగరంలో ఇల్లు కట్టమంటే ఇంటికోసం ఇంకో నగరం కట్టారు.

కాంగ్రెస్‌ది ఇందిరమ్మ సిద్ధాంతం. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టారు. ఐదు లక్షలు ఇస్తాం, మీరే కట్టుకోండి. కనీసం 400 చదరపు అడుగులు. నియోజకవర్గానికి 3,500. దరఖాస్తుదారులను మూడు జాబితాలు చేశారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగా, ఇల్లు రెండూ లేనివాళ్లు ఎల్-2. మిగిలినవాళ్లు ఎల్-3. ముందుగా ఎల్-1కి ఇస్తారు, ఎందుకంటే వాళ్ల దగ్గర జాగా ఉంది. ఏమీ లేనివాళ్లు ఆగాలి, ఎందుకంటే వాళ్ల దగ్గర ఏమీ లేదు. ఇందులో తప్పేముంది? ఆకలిగా ఉన్నవాడికంటే ముందు విస్తరి తెచ్చుకున్నవాడికే కదా వడ్డిస్తారు.

హైదరాబాద్ బస్తీల్లో కిరాయికుండే జనం దాదాపు అంతా ఎల్-2. ఇప్పుడదొక కులంలా స్థిరపడుతోంది. రేపో మాపో సంఘం, వనభోజనాలు మొదలవుతాయి.

ఇందిరమ్మ ఇళ్ల సర్వే రోజు మా బిల్డింగ్‌లో జరిగింది చెబుతాను. పై పోర్షన్‌లో ఉండే ఆటో డ్రైవర్ దగ్గరికి సర్వే ఆయన వచ్చాడు. ఫోన్‌లో యాప్ తెరిచి, "ఇంటి ముందర నిలబడన్నా, ఫొటో పడాలి" అన్నాడు. ఓనరమ్మ గేటు దాకా పరుగెత్తుకొచ్చింది. "నా ఇంటి ముంగట ఈయన ఫొటో ఎందుకయ్యా? రేపు ఇల్లు నాదే అంటే?" సర్వే ఆయన నచ్చజెప్పబోయాడు, యాప్ అడుగుతోందన్నాడు. ఆమె యాప్‌కి భయపడే మనిషి కాదు. ఆఖరికి గేటు మూసి, డోర్ నంబర్ పడకుండా, మెట్ల కింద నీలం రంగు నీళ్ల డ్రమ్ము పక్కన ఆటో డ్రైవర్‌ను నిలబెట్టి తీశారు. ప్రభుత్వ రికార్డుల ప్రకారం అతని నివాసం ఇప్పుడు ఆ డ్రమ్ము. మరుసటి నెల నుంచి కిరాయి ఐదొందలు పెరిగింది. అడిగితే ఓనరమ్మ అంది, "సర్కారే నీకు ఇల్లిస్తుంటే ఐదొందలు ఒక లెక్కనా తమ్మీ?"

మరి ఆ ఐదు లక్షలతో జాగా కొనుక్కోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తే, ప్రభుత్వ భూమి రేటుతోనే లెక్క వేద్దాం. 2025 అక్టోబరులో నగరంలోని రాయదుర్గంలో ప్రభుత్వం వేలం వేస్తే ఎకరం 177 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. గజం మూడు లక్షల అరవై అయిదు వేల పైచిలుకు. ఐదు లక్షలకు గజంన్నర కూడా రాదు. నిలబడొచ్చు, కూర్చోవచ్చు, పడుకోవాలంటే పక్క గజంవాణ్ని కాళ్లు చాపనిమ్మని బతిమాలుకోవాలి. ఇందిరమ్మ కొలతల ప్రకారం 400 చదరపు అడుగులంటే 44 గజాలు. జాగాకే కోటీ అరవై లక్షలు. రాయదుర్గంలో పేదోడికి ఇల్లెందుకు అంటారు. నిజమే. అక్కడి టవర్లకు సెంట్రింగ్ కొట్టి, ఇటుక మోసి, పూర్తయ్యాక గేటు దగ్గర కాపలా కాస్తే చాలదూ.

నగరం నడిబొడ్డున డబుల్ బెడ్రూం రావడానికి దగ్గరి దారి ఒకటి 2024 సెప్టెంబరులో బయటపడింది. దరఖాస్తు అక్కర్లేదు, లక్కీ డ్రా అక్కర్లేదు. మూసీ ఒడ్డున శంకర్‌నగర్, మూసానగర్ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. ఇల్లు నదీ గర్భంలో ఉందని అర్థం. అందులో కొన్ని కుటుంబాలను మలక్‌పేట డబుల్ బెడ్రూం ఇళ్లకు తరలించారు. ఇల్లు లేనివాడు పదేళ్లు ఆగాడు, ఇల్లు ఉన్నవాడికి అది కూల్చి మరీ ఇల్లిచ్చారు. కరెంట్ మీటర్, నల్లా కనెక్షన్, ఇంటి పన్ను రసీదు అన్నీ ఇచ్చిన ప్రభుత్వానికే అది నది అని తర్వాత గుర్తొచ్చింది.

అసెంబ్లీలో దీని మీద చర్చ కూడా ఘనంగా సాగుతుంది. పదేళ్లలో మీరెన్ని ఇచ్చారని వీళ్లు, మీరొచ్చాక ఎన్ని కట్టారని వాళ్లు. రెండూ సరైన ప్రశ్నలే, అందుకే రెండింటికీ జవాబు రాదు. బీజేపీది ఇంకో కోణం: ఇంటి మీద ఎవరి పేరు ఉండాలి? ఇందిరమ్మ పేరు పెడితే కేంద్రం ఇళ్లు ఇవ్వదని కేంద్ర మంత్రి బండి సంజయ్ 2025 జనవరిలో అన్నారు. డ్రమ్ము దగ్గర నిలబడ్డ మా ఆటో డ్రైవర్‌కు పేరుతో పేచీ లేదు. గోడ ఉంటే ఎవరి పేరైనా రాసుకోమంటున్నాడు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపి నగరంలో వార్డులు 150 నుంచి 300 చేశారు. నెలకో వార్డుకు ఉప ఎన్నిక పెట్టాలి. మూడు వందలూ తిరిగేసరికి పాతికేళ్లు, అంటే ఒక కూలీ మనిషి సర్వీసు మొత్తం. భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు నమోదుకు ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. స్కూటర్ మేస్త్రీ రాసివ్వడు, ఎప్పుడూ ఇవ్వలేదు. వార్డు అధ్యక్షుడు రాసిస్తే సరిపోతుంది. ఫొటోలు, వీడియోలు అన్నీ ఆయన దగ్గరే ఉంటాయి.

సీటు ఖాళీ చేసేదెవరని అడుగుతారు. పార్టీ మారినవాళ్లు నిజంగా రాజీనామా చేస్తే చాలు, మొదటి రెండేళ్లు తేలిగ్గా గడిచిపోతాయి. ఖజానా మీద భారమా? ఎన్నికల అధికారుల ఖర్చు తప్ప మిగతాది అభ్యర్థులే భరిస్తారు, అది వాళ్ల అఫిడవిట్లలో ఎలాగూ కనబడదు.

ఒక్క చిక్కుంది. ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లూ కొత్త ఇళ్లు మంజూరు చేయకూడదు. నెలనెలా ఎన్నికంటే ఎప్పుడూ కోడే, ఇక ఇల్లు వచ్చేదే లేదు. ఈ మాట ఆటో డ్రైవర్‌కు చెబితే కాసేపు ఆలోచించి, "ఇప్పుడు కోడ్ ఏమన్నా ఉన్నదా సార్?" అన్నాడు. లేదన్నాను. "గట్లయితే పర్వాలేదు, పెట్టమనుండ్రి" అన్నాడు.

దీని మీద అభ్యంతరాలున్నవాళ్లు ప్రజాభవన్‌లో ప్రజావాణికి పోవచ్చు. మంగళవారం, శుక్రవారం అర్జీలు తీసుకుంటారు. ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్లండి, రసీదు ఇస్తారు.